ఎర్ర తివాచీ, గోదాదేవి మాల

అలంకారాన్ని ఇష్టపడడం ఆధ్యాత్మిక జీవితానికి ఆటంకమా అన్న ప్రశ్న మఠాలలోనే కాక, చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. ఇందుకూరుపేట, కోవూరు, ముత్తుకూరు ప్రాంతాల నుంచి నెల్లూరు కళాశాలలకు బస్సులో వచ్చిపోయే విద్యార్థిని, తీరిక దొరికిన కాసేపట్లో లాస్ ఏంజెలెస్‌లోనో న్యూయార్క్‌లోనో నటీమణులు ఎర్ర తివాచీ మీద ధరించి నడిచిన దుస్తులను ఫోన్‌లో చూసి, వాటి అంచును, కుట్టును, రంగుల పొందికను గురించి స్నేహితురాళ్ళతో చర్చించినప్పుడు, ఇంట్లో పెద్దలు దానిని చదువుకు చేటుగానూ, భక్తిపరులు మనసుకు చేటుగానూ భావించడం సాధారణం. మైపాడు సముద్రతీరానికి వెళ్ళిరావడం, క్రికెట్, సినిమా పాటలు, ధనుర్మాసపు ముగ్గులు, పండుగకు కొత్త బట్టలు కుట్టించుకోవడం వంటి ఆమె ఇతర ఇష్టాలను కూడా ఇదే గాటన కట్టి, అన్నింటినీ లౌకికమన్న ఒక్క మాటతో పక్కకు నెట్టడం తేలిక. అలా నెట్టడం శాస్త్రాల సారానికి గానీ, నెల్లూరు తీరపు మతజీవితానికి గానీ సరిపోదనీ, అలంకరింపబడుతున్నది ఎవరు, ఆ అలంకారంలో ఇతరులకు పాలు ఉన్నదా లేదా అన్న రెండు విషయాలను బట్టే దాని మంచిచెడ్డలు తేలుతాయనీ ఈ వ్యాసం చెప్పదలచుకున్నది.

ముందుగా గమనించవలసిన విశేషం ఏమంటే, ఎర్ర తివాచీ సాహిత్యంలో తొలిసారి కనిపించిన చోటనే అది మతసంబంధమైన సందేహంగా కనిపించింది. క్రీ.పూ. 458లో ఏథెన్స్ నగరంలో ప్రదర్శితమైన ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నోన్’లో, ట్రాయ్ యుద్ధాన్ని గెలిచి ఇంటికి వచ్చిన రాజు రథం దిగేచోటు నుంచి గడప దాకా అతని భార్య క్లైటమ్నెస్ట్రా ఎర్రని విలువైన వస్త్రాలు పరిపించి, వాటి మీద నడిచి రమ్మంటుంది. రాజు వెంటనే ఒప్పుకోడు. అలాంటి మర్యాద దేవతలకు చేయవలసినదే గాని మనిషికి చేయదగినది కాదని, తనను మనిషిగానే గౌరవించమని అంటాడు. ఆమె ఒత్తిడికి చివరకు లొంగినప్పుడు కూడా చెప్పులు విడిచి, దూరాన ఉన్న ఏ దేవత కన్నూ తన మీద అసూయతో పడకూడదని కోరుకుంటూ నడుస్తాడు. ఆ నడక ముగిసిన ఇంటిలోనే హత్యకు గురవుతాడు. గ్రీకులు ‘హ్యూబ్రిస్’ అని పిలిచిన దోషం, అంటే మనిషి తన హద్దును మరచి దేవతల స్థానానికి ఎగబాకడం, ఇక్కడ ఒక వస్త్రం మీద పాదం మోపడంగా రూపుకట్టింది. ఆ సందర్భంలోనే క్లైటమ్నెస్ట్రా పలికిన మరొక మాట నెల్లూరు తీరవాసులకు ప్రత్యేకంగా తగులుతుంది: ఆ ఎరుపు సముద్రపు నత్తల నుంచి తీసే రంగు కాబట్టి, సముద్రం ఉన్నంతకాలం దానికి కొదువ లేదనీ, సముద్రాన్ని ఎవరు ఇంకించగలరనీ ఆమె వాదిస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటను నిషేధించి, చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి వ్యవధి ఇస్తున్న తూర్పు తీరంలో ఆ వాదనను ఎవరూ ఒప్పుకోరు. సముద్రం తరుగుతుందని జువ్వలదిన్నె, మైపాడు మత్స్యకారులకు బాగా తెలుసు. ఆడంబరానికి వెనుక ఎప్పుడూ ఉండే ఊహ, సంపదకు అంతులేదన్న ఊహ, ఇరవై అయిదు శతాబ్దాల నాటి ఆ మాటలోనే బయటపడింది.

ఆస్కార్ బహుమతుల వేడుకలో ఎర్ర తివాచీ 1961 నుంచి స్థిరపడింది. తెలుగువారు దానిని తమదిగా చూసుకున్న రోజు 2023 మార్చి 12. ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ బహుమతి అందుకున్న ఆ 95వ వేడుకలో, జూనియర్ ఎన్టీఆర్ ధరించిన నల్లని కోటు భుజం మీద బంగారు తీగల పనితో దూకుతున్న పులిని ఊరూరా యువతీయువకులు చూసి మురిసిపోయారు. చిత్రంగా, ఆ సంవత్సరం నిర్వాహకులు పరిచినది ఎర్ర తివాచీ కాదు, లేత షాంపేన్ రంగుది. అయినా దానిని అందరూ ఎర్ర తివాచీ అనే అన్నారంటే, అక్కడ రంగు కంటే చూపులకే ప్రాధాన్యమని అర్థమవుతుంది. ఆ తివాచీ మీద ధరించే దుస్తులు, నగలు చాలావరకు రూపశిల్పుల సంస్థలు, నగల సంస్థలు ఆ ఒక్క సాయంత్రానికి అరువుగా ఇచ్చేవి, వేడుక ముగిశాక తిరిగి తీసుకునేవి. ధరించినవారికి మిగిలేది ఛాయాచిత్రం. చూసినవారికి మిగిలేది కూడా అదే.

ఇక విద్యార్థి విషయానికి వస్తే, ధర్మశాస్త్రం మొదటి చూపులో కఠినంగానే కనిపిస్తుంది. బ్రహ్మచర్యాశ్రమంలో, అంటే గురువు దగ్గర చదువుకునే కాలంలో, పూలమాలలు, సుగంధాలు, కాటుక, చెప్పులు, గొడుగు, ఆటపాటలు విడిచిపెట్టాలని మనుస్మృతి రెండవ అధ్యాయం విధించింది. అలంకారాన్ని దూషించేవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. చదువు పూర్తయినప్పుడు చేసే ‘సమావర్తనం’ అనే సంస్కారంలో, గృహ్యసూత్రాలు, అంటే ఇంటిలో జరిపే కర్మల విధానాన్ని చెప్పే గ్రంథాలు, అదే విద్యార్థికి స్నానం చేయించి, కొత్తబట్టలు కట్టించి, మాల వేయించి, కాటుక పెట్టించి, చెప్పులూ గొడుగూ చేతికర్రా ఇప్పించి, అద్దంలో తన ముఖాన్ని చూసుకోమంటాయి. ఇది మంత్రపూర్వకంగా జరిగే అలంకారం; నిషేధించిన వస్తువులనే ఒక్కొక్కటిగా తిరిగి ఇవ్వడం దీని ప్రత్యేకత. తెలుగువారి పెళ్ళిళ్ళలో స్నాతకమనే పేరుతో, గొడుగూ చెప్పులతో సాగే కాశీయాత్ర తంతుతో ఇది నేటికీ నిలిచి ఉంది. కనుక అక్కడి నిషేధం వస్తువు మీద పడినది కాదు, కాలం మీద పడినది. ఆ విధులు ఉపనయనమైన మగపిల్లలను మాత్రమే ఉద్దేశించి చేసినవని, చదువుకునే ఆడపిల్ల ఆ గ్రంథకర్తల ఊహలో లేదని కూడా ఒప్పుకోవాలి. ఆ కొరతను తీర్చినది ధర్మశాస్త్రం కాదు, భక్తి సంప్రదాయం.

నెల్లూరులో పెన్న ఒడ్డున వెలసిన దేవుడు తల్పగిరి రంగనాథుడు. ఆదిశేషుని పాన్పు మీద శయనించిన రంగనాథుని తలచినప్పుడు, ఆయనను వరించిన గోదాదేవిని తలచకుండా ఉండడం వైష్ణవ భక్తులకు సాధ్యం కాదు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు స్వామి కోసం కట్టిన పూలమాలను ఆయన పెంపుడు కూతురు గోద రహస్యంగా తాను ధరించి, బావి నీటిలో తన నీడను చూసుకుని, స్వామికి తగినదానిగా ఉన్నానా అని సరిచూసుకుని, మళ్ళీ బుట్టలో పెట్టేదని కథ. తండ్రికి సంగతి తెలిసి, అపచారం జరిగిందని కుమిలి, వేరే మాల కట్టి తీసుకువెళితే, స్వామి దానిని కాదని ఆమె ధరించి విడిచిన మాలనే కోరాడు. శ్రీకృష్ణదేవరాయలు పదహారవ శతాబ్దపు తొలి దశకాలలో రచించిన ‘ఆముక్తమాల్యద’కు ఆ పేరు వచ్చినది ఈ ఘట్టం వల్లనే.

అద్దంలో తనను తాను చూసుకునే పడుచుపిల్లను పెద్దలు మందలించే ప్రతి సందర్భంలోనూ ఈ కథ గుర్తుకు రావడం మంచిది. గోద చేసిన పని బయటికి చూస్తే స్వంత అందాన్ని చూసి మురిసిపోవడమే. తండ్రి ఆందోళన కూడా న్యాయమైనదే, ఎందుకంటే పూజాద్రవ్యాన్ని ముందుగా మనిషి అనుభవించకూడదన్నది ఆగమ నియమం. అయితే కథ తీర్పు మాత్రం పిల్ల వైపే ఉంది. ఆమె మాల ధరించినది ఒకరి కోసం, ధరించి ఇచ్చినది ఒకరికి. ఆ ఇవ్వడం వల్ల ధరించడం పవిత్రమైంది. గోద పాడిన ముప్ఫై పాశురాల తిరుప్పావైలో కూడా ఇదే వరుస కనిపిస్తుంది. వ్రతం మొదట్లో, రెండవ పాశురంలో, నెయ్యి తినబోమని, పాలు తాగబోమని, కళ్ళకు కాటుక పెట్టుకోబోమని, కొప్పులో పూలు ముడుచుకోబోమని గోపికలు ప్రతిజ్ఞ చేస్తారు. వ్రతం ఫలించే ఇరవై ఏడవ పాశురంలో గాజులు, భుజకీర్తులు, చెవిపూలు, అందెలు, కొత్త చీరలు అన్నీ కోరి ధరించి, మోచేతి దాకా నెయ్యి కారే పాలన్నాన్ని అందరితో కలిసి కూర్చుని తింటామంటారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆలయానికి వెళ్ళి ఈ పాటలు విన్న నెల్లూరు విద్యార్థినికి, విడవడమూ ధరించడమూ రెండూ ఒకే వ్రతంలో ఇమిడినవని వేరుగా బోధించవలసిన పని లేదు. ఇరవై ఏడవ పాశురంలో ముఖ్యమైన సంగతి నగల జాబితా కంటే కూడా, కలిసి కూర్చోవడం.

ఇదే విషయాన్ని అలంకారశాస్త్రం, అంటే కావ్యసౌందర్యాన్ని విచారించే శాస్త్రం, తాత్త్వికంగా చెప్పింది. ఆనందవర్ధనుని ధ్వన్యాలోకానికి వ్యాఖ్య రాసిన కాశ్మీర దార్శనికుడు అభినవగుప్తుడు, కుండలాలు పెట్టిన శవం శోభించదనీ, ఎందుకంటే అక్కడ అలంకరింపదగినది లేదనీ, కంకణాలు తొడిగిన యతి శరీరం నవ్వు పుట్టిస్తుందనీ, ఎందుకంటే అక్కడ తగినతనం లేదనీ అంటాడు. శరీరం రెండు చోట్లా శరీరమే. కాబట్టి నగ నిజంగా అలంకరిస్తున్నది దేహాన్ని కాదని, ఆత్మనేనని ఆయన నిర్ణయం. అలంకారం అంటే తొడిగే వస్తువు, ‘అలంకార్యం’ అంటే దానివల్ల శోభించేది. ఈ రెండింటి భేదాన్ని పట్టుకున్నవారికి ఎర్ర తివాచీని తూచడం కష్టం కాదు. పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ‘ఔచిత్యం’ అనే పేరుతో ఈ తగినతనాన్నే కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించి, మొలనూలును మెడలోనూ హారాన్ని నడుముకూ పెట్టుకుంటే ఎవరు నవ్వరని అడిగాడు. ఒక నటి తివాచీ మీద ధరించిన దుస్తుల గురించి, అవి ఆమె వయసుకు, నడకకు, ఆ వేళకు తగినవా కాదా అని వాదించే విద్యార్థిని, క్షేమేంద్రుని పేరు వినకపోయినా ఆయన ప్రశ్ననే వేస్తున్నది. తెలుగు ఆచార్యులు ఆ ఆసక్తిని చులకన చేయకుండా దాని మీదుగానే ఔచిత్య సిద్ధాంతాన్ని బోధించవచ్చు. పాఠ్యపుస్తకంలోని ఉదాహరణల కంటే అది త్వరగా మనసుకు పడుతుంది.

ఆలయం అలంకారాన్ని ఎలా నిర్వహిస్తుందో చూస్తే పైన చెప్పిన రెండు విషయాలూ స్పష్టమవుతాయి. ఉత్సవమూర్తికి తెర వేసి అలంకారం చేస్తారు. తెర తీసి హారతి ఇచ్చినప్పుడు భక్తుడు దేవుణ్ణి చూడడమే కాక, దేవుని చూపు తన మీద పడినట్లు భావిస్తాడు, దర్శనమంటే ఈ రెండూ కలిసినదే. స్వామి ధరించిన మాల, కట్టిన వస్త్రం తరువాత ప్రసాదంగా భక్తులకు చేరతాయి. అలా చేరిన వస్త్రాన్ని శేషవస్త్రమంటారు. తివాచీ మీద చూపు ఒకవైపే సాగుతుంది, ధరించిన వస్త్రం ఇచ్చిన సంస్థకే తిరిగిపోతుంది. అయితే ఆలయాన్ని పూర్తిగా ఒకవైపు, తివాచీని పూర్తిగా మరొకవైపు నిలబెట్టడం నిజాయితీ కాదు. 2021 దసరా రోజులలో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయంలో అమ్మవారిని అయిదు కోట్ల రూపాయలకు పైబడిన కరెన్సీ నోట్లతో, నోట్లను పూలుగా మలచి, ధనలక్ష్మిగా అలంకరించినప్పుడు దేశమంతా ఆ ఫొటోలు తిరిగాయి. పండుగ తరువాత నోట్లు ఇచ్చినవారికే తిరిగి చేరడం ఇలాంటి అలంకారాలలో ఉన్న పద్ధతి. నోట్లు మలచిన స్వచ్ఛంద సేవకుల నేర్పూ భక్తీ కాదనలేనివి. కాని మొత్తం ఎంతన్నదే మొదటి వార్త అయినప్పుడు, అరువు తెచ్చి తిరిగి ఇచ్చే అలంకారం గుడిలోనూ తివాచీ స్వభావాన్ని పొందింది. వాసవి కథ తెలిసినవారికి ఇది మరింత ఆలోచించదగినది. తన అందాన్ని చూసి సొంతం చేసుకోగోరిన రాజుకు లొంగక, పెనుగొండలో అగ్నిప్రవేశం చేసిన కన్య ఆమె. చూసినదాన్నల్లా తనదిగా చేసుకోవాలనుకునే చూపును నిరాకరించిన దేవతను పూజించే ఊరిలో, ఆడపిల్ల వేషధారణ మీద ఆంక్ష పెట్టే ముందు ఆమెను చూసేవారి చూపు మీద విచారణ జరగడం న్యాయం.

ఈ తీరంలోని ఇతర మతాలలో కూడా ప్రశ్న ఇంతే లోతుగా ఉన్నది. ప్రార్థనాస్థలానికి వచ్చేటప్పుడు చక్కగా అలంకరించుకోమని, తినమని, తాగమని, దుబారా మాత్రం చేయవద్దని ఖురాన్ ఏడవ సూరా చెప్పి, దేవుడు తన దాసుల కోసం పుట్టించిన అలంకారాన్ని నిషేధించినవారెవరని వెంటనే ప్రశ్నిస్తుంది. పేతురు వ్రాసిన మొదటి పత్రిక జడలు అల్లుకోవడం, బంగారం పెట్టుకోవడం వంటి వెలుపటి అలంకారం కంటే సాధువైన అంతరంగమే విలువైనదని బోధిస్తుంది. 1840 నుంచి బాప్తిస్టు మిషనరీలు పనిచేసిన నెల్లూరు ప్రాంతంలో, ముఖ్యంగా పెంతెకోస్తు సంఘాలకు చెందిన స్త్రీలు చాలామంది నగలు లేకుండా తెల్లచీరతో ఆరాధనకు వెళ్ళడం ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించడమే. ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చునే ముగ్గురు స్నేహితురాళ్ళ ఇళ్ళలో అలంకారం గురించి మూడు రకాల కట్టుబాట్లు ఉండవచ్చు, ఆ మూడింటి వెనుకా ఆలోచించిన కారణాలున్నాయి. ఇదే తీరంలోని పల్లిపాడులో, పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ ఏడాదే సెప్టెంబరు 22న మదురైలో ఆయన అంగవస్త్రాలు విడిచి కొల్లాయి గుడ్డకు మారారు. ఆ నిర్ణయానికి కారణం అలంకారం మీద ద్వేషం కాదు, గుడ్డ కొనలేని పేదలను వదిలి తాను నిండుగా ధరించలేకపోవడం. ధరించడంలోనూ మానడంలోనూ ఇతరులను లెక్కలోకి తీసుకున్నప్పుడే అది ధర్మమవుతుందన్న మాటకు ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

కోరికల విషయంలో నెల్లూరు ప్రజలు తమకు తాముగా ఏర్పరచుకున్న ఒక ఆచారం గ్రంథాలలో లేని వెలుగును చూపిస్తుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, విదేశీ రొట్టె అంటూ, కోరిక తీరినవారు నీటిలో నిలబడి రొట్టె పంచుతుంటే, ఆ కోరిక ఉన్నవారు అందుకుని తింటారు. తీరిన తరువాత వారు మళ్ళీ వచ్చి అదే పేరుతో మరొకరికి రొట్టె ఇవ్వాలి. మతంతో పని లేకుండా లక్షలమంది పాల్గొనే ఈ పండుగలో లౌకికమైన కోరికను ఎవరూ తక్కువగా చూడరు. మనసు ఒక విషయాన్ని పదేపదే తలచడం వల్ల సంగమూ, అంటే విడదీయరాని అంటుకోవడమూ, దానివల్ల కామమూ, కామానికి అడ్డు తగిలితే కోపమూ పుడతాయని భగవద్గీత రెండవ అధ్యాయం హెచ్చరిస్తుంది; ధర్మానికి విరుద్ధం కాని కోరికను తానేనని ఏడవ అధ్యాయంలో శ్రీకృష్ణుడే అంటాడు. ఈ రెండు మాటల మధ్య నడవవలసిన దారిని రొట్టెల పండుగ చేతలతో చూపిస్తున్నది: కోరడం తప్పు కాదు, కోరినది దక్కాక తిరిగి రాకపోవడం తప్పు.

ఈ కొలతతో చూస్తే ఎర్ర తివాచీకి ఉన్న అసలు లోపం అందం కాదు, ఆ అందాన్ని చేసినవారు కనిపించకపోవడం. ఎవరి దుస్తులు ధరించారని అక్కడ అడుగుతారు, రూపశిల్పి పేరు చెబుతారు. నేసినవారి పేరు, తీగపని చేసినవారి పేరు చెప్పరు. ఇదే లోపం ఇంటి దగ్గరా ఉంది. ఒకప్పుడు వెలుగోటి పాలకుల ఆదరణలో ఎదిగి, 2022 జిల్లాల పునర్విభజన వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన వెంకటగిరిలో, సన్నని నూలు పడుగు మీద జరీ అంచు, జాందానీ పద్ధతిలో పేకతో పాటు చేత్తో ఒక్కొక్క పోగే వేసి ఎత్తే బుటాలు, గుంటమగ్గం దగ్గర రోజుల తరబడి కూర్చుని చేసే పని. ఆ చీరకు ఊరి పేరు ఉంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దుకాణంలో దానిని కొనేవారికి నేతగాని పేరు మాత్రం తెలియదు. అలంకార్యం ఆత్మ అయితే, ఆ అలంకారంలో కలిసిన ఆత్మలలో మగ్గం ముందు కూర్చున్నవారిది కూడా ఒకటి.

అందువల్ల నెల్లూరు కళాశాలల అధ్యాపకులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. విద్యార్థిని ఫోన్‌లో చూస్తున్న ఆ దుస్తుల మీది ఇష్టాన్ని పాపంగా చూడవద్దు, ఫోన్ లాగేసుకోవద్దు. ఏడాదిలో ఒక్క రోజు ఆమెను, ఆమె తరగతివారినీ వెంకటగిరి మగ్గాల దగ్గరకు తీసుకువెళ్ళి, ఒక బుటా ఎలా ఎత్తుతారో చూపించి, దానిని ఎత్తినవారి పేరు అడిగి రాసుకోమని చెప్పండి.